గీతకు ఇవతలి ఇలస

సముద్రం మధ్యలో ఒక గీత ఉందనీ, పసుపు రంగులో జానెడు వెడల్పున ఉంటుందనీ, దాని మీద కొంగలు వరసగా కూర్చుని ఈకలు సర్దుకుంటాయనీ మా ఊరి పిల్లలకు చాలా ఏళ్ళు చెప్పాను. ఒకసారి నా బోటు దాని మీదుగా పోబోతే అడుగు గీరుకుపోయి చిల్లు పడిందని కూడా చెప్పాను. నోళ్ళు తెరుచుకుని విన్నారు. పెద్దయ్యాక వాళ్ళే బోట్లెక్కి వెళ్ళి చూసి, గీతా లేదు గాడిదగుడ్డూ లేదని తిరిగొచ్చి నన్ను తిట్టారు. కొందరు తిరిగి రాలేదు. ఎదురుగట్టు దేశపు జైల్లో పడ్డారు. గీత ఉందని వాళ్ళకు అలా తెలిసింది.

ఆ దేశం పేరు రాయను. రాస్తే వాళ్ళ రాయబారి మన రాయబారికి ఉత్తరం రాస్తాడు, మనవాడు దానికి బదులు రాస్తాడు. ఈ వయసులో నావల్ల రెండు దేశాల గుమస్తాలకు పని పెరగడం ఎందుకు? మా ఒడ్డున నిలబడి ఈశాన్యం మొహాన చూస్తే ఎక్కడో నీళ్ళ అవతల ఉంటుంది. మేం ఎదురుగట్టు అంటాం. వాళ్ళు కూడా మమ్మల్ని అదే అంటారట.

నా పేరు సూరాడ తవిటయ్య. నలభై ఏళ్ళు తండేలుగా, అంటే బోటు మీది మనుషులకు పెద్దగా, బోటు నడిపాను. ఇంజను బోటులో కూడా ఒక తెడ్డు ఉంచుకునేవాణ్ణి. దాన్ని నీళ్ళలోకి నిలువునా దించి, పైకొనను దవడ ఎముకకు ఆనించి కళ్ళు మూసుకుంటే కింద చేపల మంద వినిపిస్తుంది. చిన్న కవళ్ళ చేపలది నూనెలో పోపు చిటపట. గుడ్లు పెట్టడానికి ఏరెక్కి పులస అనిపించుకునే ఇలసలదైతే చేటలో ఎండు చింతగింజలు పొర్లించినట్టు ఉంటుంది. ఇందులో అబద్ధం లేదు. అబద్ధాలు వేరే ఉన్నాయి, వాటి దగ్గరికి వస్తాను.

గీత దగ్గర మాకొక కట్టుబాటు ఉంది. ఎవరి చెవికి మంద ముందు తగిలితే వాళ్ళు తెడ్డును నిలువుగా పైకెత్తాలి. అది చూసి ఎదురుగట్టు బోటు కూడా వచ్చి పక్కన వల దించుకోవచ్చు. గీత ఎటుందన్న మాట ఆ పూటకు ఎత్తకూడదు. తెడ్డెత్తకుండా ఒంటరిగా వల నింపుకున్నవాడికి ఆ తర్వాత సముద్రం మీద ఎవరూ మంచినీళ్ళు కూడా ఇవ్వరు.

మొతాలెబ్‌ నాకలా దొరికినవాడే. ఎదురుగట్టు తండేలు. మొదటిసారి కలిసినప్పుడు మా బోటులో నీళ్ళ పీపా పగిలి రెండు రోజులైంది. అతను అడక్కుండానే నీళ్ళ డబ్బాకు తాడు కట్టి విసిరాడు. తర్వాత ఇరవై రెండేళ్ళలో ముప్పై సార్లు కలిసి ఉంటాం. అతనికి తెలుగు రాదు, నాకు అతని భాష రాదు. ఇద్దరికీ రాని హిందీలో హాయిగా మాట్లాడుకునేవాళ్ళం. నేను అతన్ని పడవవాడా అన్నట్టు మాఝీ అనేవాణ్ణి, అతను నన్ను అన్నా అన్నట్టు దాదా అనేవాడు. నా కథలు వినడానికే ఇంజను ఆపేవాడు. మా ఊళ్ళో ఒక సొర చేప పెళ్ళి పల్లకీని తోసుకుంటూ వచ్చి ఒడ్డున దింపిందని చెబితే, పొట్ట పట్టుకుని నవ్వి, “పెళ్ళికూతురు ఏం కట్టుకుంది దాదా?” అని అడిగాడు. వినేవాడంటే అతను.

* * *

ఏడుగురు మా ఊరివాళ్ళు ఎదురుగట్టు జైల్లో ఉన్న ఏడాది, డాక్టరు ఇందుమతి మా ఊరొచ్చింది. సూదిమందు డాక్టరు కాదు, సముద్రం చదువుకున్న డాక్టరు. తెనాలి వైపు మనిషి. మా తీరంలో కొత్తగా కట్టిన ప్రయోగశాలకు పెద్ద. ఆ ఏడుగురి పెళ్ళాలూ రోజూ వచ్చి, ప్రభుత్వ భవనం కదా అని ఆ ప్రయోగశాల గేటు ముందే కూర్చునేవారట. మీకు పొరబాటైంది, ఇది చేపల ఆఫీసు అని చెప్పలేక ఆమె వాళ్ళకు మజ్జిగ ఇచ్చేదట. ఆ ఏడుగురిలో నా భార్య కొర్లమ్మ తమ్ముడు పోలయ్య ఒకడు.

“తాతగారూ, చేపల మాట మీకు వినిపిస్తుందట?” అంది ఒకరోజు ఇందుమతి మా ఇంటికొచ్చి.

“ఇనబడ్డమేటి తల్లీ! మొన్నొక ఇలస, మీ ఆవిడ పులుసులో సింతపండు ఎక్కువేస్తాదని నాతో మొరెట్టుకున్నాది.”

లోపల్నించి కొర్లమ్మ అంది, “ఆ సేపకి నోరైనా ఉంది. నీకు సిగ్గు నేదు.”

ఇందుమతి నవ్వలేదు. అరుగు మీద కూర్చుని తన ఆలోచన చెప్పింది. “మనవాళ్ళు గీత దాటేది చేప అటు ఉందని. చేపనే ఇటు పిలవగలిగితే ఎవరూ దాటక్కర్లేదు. ఎవరూ జైలుకు పోరు. నా దగ్గర చేపల శబ్దాలు అయిదు వందల రకాలున్నాయి. ఏది దేనికో తెలియదు.”

మరునాడే వెళ్ళాను. చెవులకు డిప్పలు పెట్టి నెలరోజులు వినిపించారు. ఇది ఆకలి, ఇది భయం, ఇది ఊరికే వాగుడు అని నేను చెబుతుంటే ఆమె రాసుకునేది. ఇలస తొట్లో బతకదు, అందుకని ప్రతిదీ సముద్రంలోకి వెళ్ళి సరిచూసేవాళ్ళం. నాలుగు వందల పన్నెండో శబ్దం దగ్గర చెయ్యెత్తి ఆపమన్నాను. రెండు పొట్టి తట్లు, ఒక పొడుగు గీర.

“ఇదమ్మా. ముందు నడిసే తల్లి సేపల పిలుపు. ఏటి నీరు తగిలినాది, తియ్యగున్నాది, రండి అని. ఇదింటే ఎనకున్న మందంతా తల తిప్పేస్తాది.”

ఆ శబ్దాన్ని పసుపు రంగు పీపాలో పెట్టారు. పైన ఎండతో నడిచే అద్దం పలక, కింద నీళ్ళలోకి వేలాడే గొట్టం. దాన్ని బోయ అన్నారు. ఒక బోయ పిలిచి ఊరుకోగానే కొంచెం ఇవతల ఉన్నది అందుకుంటుంది. దూడకు గడ్డి చూపించుకుంటూ ఇంటిదాకా నడిపించినట్టు మందను ఎంత దూరమైనా నడపవచ్చు. మొదటిసారి మూడు బోయలు వేశాం. తెల్లారగట్ల వేస్తే పొద్దెక్కేసరికి మా బోటు చుట్టూ నీళ్ళు వెండి గిన్నె బోర్లించినట్టు అయిపోయాయి. ఇందుమతి నా రెండు చేతులూ పట్టుకుని ఏడ్చింది.

అక్కడ తియ్యటి నీరు లేదు. వట్టి ఉప్పునీరు. ఒక యంత్రానికి అబద్ధం చెప్పడం నేర్పామన్నమాట. దాని గురువుని నేను. ఆ రోజు నాకు ఆ సంగతి గర్వంగానే ఉంది.

* * *

ఢిల్లీ నుంచి కృపానందం గారు వచ్చారు. పక్క దేశాలతో బేరసారాలు చూసే శాఖలో పెద్ద అధికారి. గోదావరి జిల్లా మనిషి. మెల్లగా మాట్లాడతారు, వేరుశనక్కాయలు ఒలుచుకుంటూ పొట్టు కూడా జేబులోనే వేసుకుంటారు.

మన సరుకు ఓడలు ఎదురుగట్టు రేవులో ఆగడానికి ఒక ఒప్పందం మూడేళ్ళుగా నలుగుతోంది. మనం ఉల్లిపాయలు ఆపాం, వాళ్ళు రేవు ఆపారు. పండగకు ముందు వాళ్ళ ప్రభుత్వం మన ప్రభుత్వానికి మంచులో పెట్టిన ఇలస పెట్టెలు కానుకగా పంపే ఆనవాయితీ మాత్రం ఎవరూ ఆపలేదు. పెట్టెల మీద రెండు దేశాల జెండాలు ఉండేవి. లోపల చేపకు ఏ జెండా తెలియదు.

“ఈ బోయలు ఎంత దూరం నుంచి పిలవగలవు?” అని అడిగారు కృపానందం గారు.

“పన్నెండు మైళ్ళు సార్. అంతకు మించి చూడలేదు. గీతకు ఇవతల ఉన్నదాన్నే పిలవాలి. అటువైపు నుంచి లాగకూడదు,” అంది ఇందుమతి.

ఆయన తలూపి నావైపు తిరిగారు. అంత పెద్దాయన నన్ను చూసి, “మీరేమంటారు తవిటయ్య గారూ?” అన్నారు. పేరు పక్కన గారు అన్నారు. నాకు జన్మలో ఎవరూ అనని మాట.

“పన్నెండేటి బావూ! ఆళ్ళ ఏటి మొగలో మునకేస్తన్న ఇలసని కూడా తీసుకొచ్చి మీ పల్లెంలో పడుకోబెట్టేస్తాను. నానుండగా మీకు బెంగేటి?”

ఆయన ఒక కాయ ఒలిచి పక్కన పెట్టి, చిన్న పుస్తకంలో ఏదో రాసుకున్నారు.

కారు వెళ్ళిపోయాక ఇందుమతి మొహం పాలిపోయింది. “ఎందుకలా అన్నారు?”

“ఊరికే అన్నానమ్మా. సరదాకి.”

“మీరు సరదాకే అన్నారు. ఆయన సరదాకు రాసుకోలేదు.”

రెండు నెలల్లో నలభై బోయలొచ్చాయి. వాటిని ఎక్కడెక్కడ వేయాలో పటం ఢిల్లీ నుంచే వచ్చింది. నేను నోటికొచ్చినట్టు అన్నది అక్షరాలా పని చేసింది. ఎన్ని కోతలు కోశాను జీవితంలో! సొర చేప పల్లకీ మోయలేదు, కొంగలు గీత మీద కూర్చోలేదు. ఇదొక్కటి మాత్రం జరిగింది.

ఆ ఏడు మా ఒడ్డున చేప పడిన తీరు చెబితే మీరు నమ్మరు, కానీ అది నా తప్పు కాదు. డాబాల మీద ఇలస, వాకిళ్ళలో ఇలస, బడి అరుగు మీద ఇలస. పిల్లులు ఎండు రొయ్యలు అడగడం మొదలెట్టాయి. ఎదురుగట్టు వాళ్ళు ఆ పండగకు చేప పెట్టెలు పంపలేదు. అనాసపళ్ళు పంపారు. చేప తిరిగి రావాలంటే ఏం చెయ్యాలో కృపానందం గారు వాళ్ళ పెద్దల చెవిన వేశారట. నెల తిరక్కుండా రేవు ఒప్పందం మీద సంతకం పెట్టారు. ఉల్లిపాయలు వెళ్ళాయి. ఏడుగురు ఖైదీలు ఇంటికొచ్చారు. ఊరంతా నన్ను భుజాల మీద ఎత్తుకుని ఊరేగించింది. నేను పైనుంచి అందరికీ చెయ్యి ఊపాను.

పోలయ్య మా ఇంట్లో భోజనానికి కూర్చుని, పల్లెంలో చేప ముక్కను చూస్తూ ఉండిపోయాడు.

“తినరా,” అంది కొర్లమ్మ.

“జైలు గోడకి అవతలే ఆళ్ళ రేవు, అప్పా. నాను ఎల్లిన కాడ్నించీ పొద్దున్నే కేకలు, బుట్టలు, ఆడోళ్ళ తగువులు ఇనబడేవి. ఆకర్రెండు నెల్లు ఒక్క కేక నేదు. కావిలోడు కూడా మాతో పాటు గంజే తాగీవోడు.”

కొర్లమ్మ గరిటె పక్కన పెట్టి నన్ను చూసింది. “నీ సేపలు ఎక్కడ్నించొచ్చినాయి?”

“సముద్రంలోంచి.”

“ఆ ముక్క నాకూ తెల్సు. ఆళ్ళేటి తింతన్నారు మరి?”

ఏదో కథ చెప్పబోయాను. నోట్లోకి రాలేదు.

ఒప్పందం అయిపోయింది కాబట్టి బోయలు తీసేయమని ఇందుమతి రాసింది. ఇంకో ఒప్పందం ఉందని కృపానందం గారు బదులిచ్చారు. గ్యాసు గొట్టం గురించో, కొండ దారి గురించో. దేశాల మధ్య ఎప్పుడూ ఇంకో ఒప్పందం ఉంటుందని నాకు అప్పుడు తెలిసింది. నేను వద్దనాల్సింది. ఒక్క మాట అనగలిగేవాణ్ణి. కానీ ప్రయోగశాల ఓడలో నాకొక కుర్చీ వేసేవారు, వీపు మీద నా పేరు రాసిన చొక్కా ఇచ్చారు. ముసలాడికి కుర్చీ ఎంత పని చేస్తుందో మీకు నా వయసొస్తే గాని తెలియదు.

* * *

రెండో ఏడు, గీతకు బాగా దగ్గరగా కొత్త బోయల పరీక్ష పెట్టారు. మాకు కాపలాగా ఒక గస్తీ బోటు వచ్చింది. మంద ఎంత దూరంలో ఉందో యంత్రం చెబుతుంది, అయినా నేను నా తెడ్డు తీసుకెళ్ళాను. ఎండ చురుక్కుమంటోంది. తెడ్డు దించి దవడకు ఆనించాను.

అంత మందను నేనెప్పుడూ వినలేదు. చింతగింజలు కాదు, చింతచెట్టే ఊగిపోతున్నట్టుంది. మా కిందికి వచ్చేసింది. నా చేతులు వాటంతటవే కదిలాయి. నలభై ఏళ్ళ అలవాటు. తెడ్డును నీళ్ళలోంచి లాగి, నిలువుగా, ఆకాశానికి ఎత్తి పట్టుకున్నాను.

“ఏం చేస్తున్నారు?” అని ఇందుమతి అరిచింది.

ఏం చేశానో అప్పటికి నాకే తెలియలేదు. ఈశాన్యాన దూరంగా ఒక బోటు ముక్కు మావైపు తిరిగింది. ఖాళీ సముద్రం మీద రోజుల తరబడి తిరుగుతున్న బోటు. దాని ముందుభాగంలో ఒక మనిషి నిలబడి రెండు చేతులూ ఊపుతున్నాడు. చూడగానే పోల్చుకున్నాను. తెడ్డు దించేశాను, చేతులు అడ్డంగా ఊపాను, వెళ్ళిపో వెళ్ళిపో అని గొంతు పోయేలా అరిచాను. అతను ఇంకా హుషారుగా ఊపాడు. గీత దాటి మైలున్నర ఇవతలికి వచ్చి వల దించుతుండగా గస్తీ బోటు వెళ్ళి పట్టుకుంది.

మొతాలెబ్‌కు సంకెళ్ళు వేస్తుంటే అతను మా ఓడ వైపు చూసి నవ్వాడు. ఏదో పొరబాటు జరిగింది, దాదా ఉన్నాడు కదా, చెబుతాడు అన్నట్టు.

* * *

చెప్పాను. ముందు అతనికే చెప్పాను. పదిరోజుల తర్వాత జైల్లో కలవనిచ్చారు. మరమరాలు, బీడీకట్టలు పట్టుకెళ్ళాను. ఊచల అవతల కూర్చుని, కొర్లమ్మ ఎలా ఉందని అడిగాడు.

“మాఝీ, నాను నీకొకటి సెప్పాల.”

“చెప్పు దాదా. కథలు లేక పిచ్చెక్కుతోంది.”

“కత కాదు. మీ కాడ రెండేళ్ళుగా సేప నేదు కదా. అది మేం లాగేసినాం. పసుప్పచ్చ పీపాలో సేప గొంతు పెట్టినాం. పైన అద్దం పలక ఉంటాది. అది పిలుస్తాది, మంద వొచ్చేస్తాది. ఏ గొంతో ఎతికి ఇచ్చింది నానే. ఆ రోజు నానొచ్చింది ఏటకి కాదు, ఆ పీపాల పరీచ్చకి. తెడ్డు పొరపాటున ఎత్తినాను.”

అతను కళ్ళు పెద్దవి చేసుకుని విన్నాడు. తర్వాత భుజాలు కదలడం మొదలయ్యాయి. నవ్వాడు. బీడీ పొగ అడ్డం పడి దగ్గి, మళ్ళీ నవ్వాడు. పక్క గదిలో ఉన్న తన బోటు కళాసీలను పిలిచి వాళ్ళ భాషలో చెప్పాడు. వాళ్ళూ నవ్వారు.

“పీపాలో చేప గొంతు! పల్లకీ కంటే ఇదే బాగుంది దాదా!” కళ్ళు తుడుచుకున్నాడు. ఊచల్లోంచి నా చెయ్యి పట్టుకున్నాడు. “నువ్వేం బాధపడకు. సముద్రమంతా ఎండిపోయిన రోజుల్లో, పోలీసు పక్కనున్నా, నాకోసం తెడ్డెత్తావు. అలాంటి మనిషివి నువ్వు. మిగతాది నా రాత.”

నాకు కృతజ్ఞత చెప్పాడండీ. నేను ఆ చెయ్యి అలాగే పట్టుకుని కూర్చున్నాను.

కోర్టులో కూడా చెప్పాను. ఎవరూ పిలవకుండానే వెళ్ళి బోనెక్కాను. తెడ్డు కట్టుబాటు చెప్పాను, బోయల సంగతి చెప్పాను. జడ్జిగారు ఓపికగానే విన్నారు. ఆ రోజు ఆ నీళ్ళలో గస్తీ బోటు తప్ప మన ఓడ ఏదీ లేదని ప్రభుత్వం ఇచ్చిన కాగితం ఆయన ముందుంది. మా ఊరి వాళ్ళను ఇద్దరిని పిలిచి, ఈ పెద్దాయన ఎలాంటి మనిషని అడిగారు. “మంచోడే బావూ. కాపోతే కోతలు ఎక్కువ,” అన్నారు వాళ్ళు, నాకు మేలు చేస్తున్నామనుకుని. ఒకడు పల్లకీ కథ కూడా చెప్పేశాడు. కోర్టంతా నవ్వింది. జడ్జిగారు నవ్వు ఆపుకుని మొతాలెబ్‌కు పద్నాలుగు నెలలు వేశారు.

ఇందుమతి సాక్ష్యం ఇస్తానంటే ముందురోజే ఆమెను ఎక్కడో దీవిలో ఆటుపోట్లు కొలిచే పనికి పంపేశారు.

వరండాలో కృపానందం గారు కనిపించారు. మీద పడి అరిచాను. “మీ గుట్టంతా ఊరూరా సెప్పేస్తాను! పేపరోళ్ళకి సెప్తాను!”

ఆయనకు కోపం రాలేదు. ఆయన మొహంలో కూడా నిద్రలేదు. “చెప్పండి. ఈ రెండేళ్ళలో ఇది రహస్యంగా ఉంచమని మీతో ఒక్కసారైనా అన్నానా తవిటయ్య గారూ? ఇందుమతి గారి చేత మూడు కాగితాల మీద సంతకం పెట్టించాను. మీ చేత ఎందుకు పెట్టించలేదో ఆలోచించలేదా?”

ఆలోచించాను. మెట్ల మీద కూర్చుని చాలాసేపు ఆలోచించాను.

* * *

ఇందుమతి ఆర్నెల్లకు ఆ దీవి నుంచి సెలవు మీద వచ్చింది. మా అరుగు మీదే కూర్చుంది. సంచిలోంచి చిన్న యంత్రం తీసి, తెర మీద సముద్రం చూపించింది. తూర్పున ఉన్న ఇంకో పెద్ద దేశం సొంతంగా బోయలు చేసి, స్నేహానికి గుర్తుగా ఎదురుగట్టు వాళ్ళకు యాభై ఇచ్చిందట. తను ఓ యాభై వేసుకుందట. మనం నలభైని ఎనభై చేశాం.

తెర మధ్యలో ఒక మచ్చ గుండ్రంగా తిరుగుతోంది, గానుగెద్దులా.

“ఏటమ్మా ఇది?”

“ఇలసల మంద. మొత్తం సముద్రంలో ఉన్నదంతా ఇదే. మూడు వైపుల నుంచీ తియ్యటి నీరుందని పిలుస్తున్నారు. ఎటు పోవాలో తెలియక ఆరు వారాలుగా అక్కడక్కడే తిరుగుతున్నాయి. ఏరు ఎక్కలేదు. గుడ్లు ఉప్పునీళ్ళలోనే వదిలేశాయి.”

“ఉప్పునీళ్ళలో గుడ్డు...”

“బతకదు.”

కొర్లమ్మ మంచినీళ్ళు తెచ్చి ఆమె చేతికిచ్చింది. తాగలేదు.

“ఆపేయండి మరి!” అన్నాను.

“మూడు దేశాలూ ఒకే రోజు ఆపాలి. మొన్న పెద్ద హోటల్లో కూర్చుని మాట్లాడుకున్నారు. ముందు మీరు ఆపండి అంటే ముందు మీరు ఆపండి అనుకున్నారు. మధ్యాహ్నం భోజనంలో చేప పెట్టారట. ఎక్కడో చల్లటి సముద్రం నుంచి విమానంలో తెప్పించింది.” ఆమె గ్లాసు వైపే చూస్తూ అంది, “నేను జైళ్ళు ఖాళీ చేద్దామనుకున్నాను తవిటయ్య గారూ. అంతే అనుకున్నాను.”

ఆ ఏడు మా ఒడ్డున కూడా చేప లేదు. డాబాలన్నీ శుభ్రంగా ఉన్నాయి.

* * *

పద్నాలుగు నెలలు నిండాక మొతాలెబ్‌నూ అతని కళాసీలనూ గీత దగ్గర అప్పగించారు. మత్స్యకారుల తరఫున ఒకరు ఉండాలని ఏదో నియమం ఉందట, నేను వెళ్ళాను. వేరెవరూ ఒప్పుకోలేదు.

గస్తీ బోటులో ఎనిమిది గంటలు పక్కపక్కన కూర్చున్నాం. సగమైపోయాడు. గడ్డం తెల్లబడింది. ఇంటి నుంచి వచ్చిన ఒక్క ఉత్తరాన్ని మడతలు చిరిగేదాకా చదివాడు. తమ్ముడు సొభాన్‌ బోటు ఇంజను అమ్మేశాడు. కోడలు పిల్లలను అత్త దగ్గర వదిలి పట్నంలో చొక్కాలు కుట్టే మిల్లుకు పోయింది. పెళ్ళాం ఇంటి మీద రేకులు ఊడదీసి అమ్మి తాటాకు కప్పింది. ఇవన్నీ నాకు మెల్లగా, ఎవరి ఇంటి సంగతో చెప్పినట్టు చెప్పాడు.

“ఈసారన్నా చేప వస్తుందంటావా దాదా?”

నేను నీళ్ళు చూశాను.

మధ్యాహ్నానికి ఎదురుగట్టు బోటు వచ్చింది. రెండు బోట్లకూ తాళ్ళు కట్టారు. ఇటు ఒక అధికారి, అటు ఒక అధికారి కాగితాలు మార్చుకున్నారు, చేతులు కలుపుకున్నారు, ఫోటో తీయించుకున్నారు. అవతలి బోటులో సొభాన్‌ ఉన్నాడు. ఖాకీ చొక్కా తొడిగారు. సర్కారు కాపలా కొలువు ఇచ్చారట. అన్నను చూసి లేచి నిలబడ్డాడు గానీ ఉన్నచోటు నుంచి కదల్లేదు. అతను దేనికి కాపలా ఉన్నాడో అప్పుడు కనబడింది. పక్కన తాళ్ళతో కట్టి ఉంది. పసుపు పీపా. పైన అద్దం పలక.

మొతాలెబ్‌ ఒక కాలు బోటు అంచు మీద పెట్టి ఆగిపోయాడు. దాన్ని చూశాడు. సొభాన్‌ను ఏదో అడిగాడు, అతనేదో చెప్పాడు. సొభాన్‌ గొట్టం వైపు, నీళ్ళ వైపు చెయ్యి చూపించాడు. మొతాలెబ్‌ కాలు వెనక్కి తీసుకుని నా దగ్గరికి వచ్చాడు. అధికారులు తొందరపెడుతున్నారు. అతను పట్టించుకోలేదు.

“దాదా,” అన్నాడు. నవ్వడం లేదు. “జైల్లో చెప్పావే, ఆ కథ. గొంతు ఎవరు వెతికి ఇచ్చారన్నావు?”

నా చొక్కా చెయ్యి పట్టుకున్నాడు.

“అది నిజమా?”

ఊచల ముందు నిజం చెప్పాను. బోనెక్కి చెప్పాను. రచ్చబండ మీద, పేపరు ఆఫీసులో చెప్పాను. ఎవరూ అడక్కుండానే చెప్పాను. నిజమా అని అడిగినవాడు ఇతనొక్కడే. ఏం చెబితే అది తీసుకుందామని నిలబడ్డాడు. అతని కళ్ళలో పద్నాలుగు నెలలు, రేకులు లేని ఇల్లు, అన్నీ ఉన్నాయి. వీటన్నిటితో పాటు, నామీద ఇంకా మిగిలిన ప్రేమ కూడా ఉంది. అది పోతుందేమోనని భయపడుతున్నాడు. నాకూ అదే భయం వేసింది.

“కతే మాఝీ,” అన్నాను. “పేపర్లో ఆ పీపా బొమ్మ సూసి అల్లీసినాను. నా సంగతి నీకు తెల్దేటి?”

కాసేపు నా మొహంలోకి చూశాడు. తర్వాత అతని భుజాలు దిగాయి. రెండు చేతులతో నా చెంపలు పట్టుకుని ఊపాడు. “ఒక్క నిమిషం చంపేశావు దాదా,” అని నవ్వాడు. నవ్వుకుంటూనే అంచు దాటి వాళ్ళ బోటులోకి వెళ్ళాడు. తాళ్ళు విప్పారు. ఇంజను చప్పుడులో సొభాన్‌ భుజం మీద మొతాలెబ్‌ చెయ్యి వేసి, నావైపు చూపిస్తూ ఏదో చెబుతున్నాడు. ఇద్దరూ చెయ్యి ఊపారు.

నమ్మాడు.